సుద్దగీతకు కట్టిన ధర

న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో ప్రకటన గడువు తీరిపోతే దాని మీద నల్ల కాగితం అంటించేవారు. కొత్త ప్రకటన వచ్చేదాకా అది అలాగే ఉండేది. 1980లో చిత్రకారుడు కీత్ హేరింగ్ కంట అలాంటి కాగితం ఒకటి పడింది. వెంటనే మెట్లెక్కి పైకి వెళ్లి సుద్దముక్కల పెట్టె కొనుక్కుని దిగొచ్చాడు. తర్వాతి ఐదేళ్లలో ఆ సొరంగాల్లో అతను గీసిన బొమ్మలు వేలల్లో ఉంటాయి.

పెన్సిల్వేనియాలోని కుట్జ్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. కార్టూన్లు గీయడం తండ్రి దగ్గరే అబ్బింది. పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య చిత్రకళ చదువు వదిలేసి 1978లో న్యూయార్క్ చేరాడు.

అతని బొమ్మలను పిల్లల గీతలని తీసిపారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ గీత ఎక్కడ పుట్టిందో వాళ్లు చూడరు. సుద్దతో ఒకసారి గీశాక చెరిపి దిద్దుకునే వీల్లేదు. పోలీసుల కంట పడేలోగా ముగించాలి. చాలాసార్లు పట్టుబడ్డాడు కూడా. రైలు దిగినవాడు నడుస్తూనే పోల్చుకోగలగాలి. అందుకే అందులో నీడలుండవు, మనుషులకు కళ్లూ ముక్కూ ఉండవు. చుట్టూ కిరణాలతో పాకే పసివాడు, మొరిగే కుక్క, ఎగిరే పళ్లేలు. మూగినవాళ్లు అర్థమేమిటని అడిగితే అది మీ పనే అనేవాడు. జేబులోంచి పసివాడి బొమ్మ ఉన్న బిళ్ల తీసి చేతిలో పెట్టేవాడు.

1982లో టోనీ షఫ్రాజీ గ్యాలరీ ప్రదర్శనతో పేరు మారుమోగింది. పేరు వెంట ధర వచ్చింది. ధర వచ్చాక స్టేషన్లలో బొమ్మ నిలవలేదు. ఊడదీసుకుపోయి అమ్ముకునేవారు. 1985కల్లా హేరింగ్ సొరంగం పని మానేశాడు. పోలీసులు మాన్పించలేనిది కొనుగోలుదార్లు మాన్పించారు.

మరుసటి ఏడాది లాఫయెట్ వీధిలో 'పాప్ షాప్' తెరిచి టీషర్టులు, బిళ్లలు, పోస్టర్లు అమ్మకానికి పెట్టాడు. కళను కొట్లో పెట్టాడని విమర్శకులు మొహం చిట్లించారు. పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ మాత్రం వెన్ను తట్టాడు. మా ఓటు వార్హోల్‌కే. కాన్వాసు కొనలేని రైలు ప్రయాణికుడు హేరింగ్ బొమ్మను ఇంటికి తీసుకెళ్లాలంటే మరో దారేముంది? అయితే కొట్టు ఒక్కటే పెట్టి ఊరుకుని ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు. తన దగ్గర పనిచేసే కుర్రాడు క్రాక్ కొకైన్‌కు బానిసవడం చూసి, అదే 1986లో హార్లెంలోని హ్యాండ్‌బాల్ కోర్టు గోడ మీద అనుమతి లేకుండా 'క్రాక్ ఈజ్ వ్యాక్' అని పెద్ద బొమ్మ వేశాడు. అరెస్టయ్యాడు. ఆ బొమ్మ చెడిపోయాక పార్కుల శాఖే పిలిచి మళ్లీ వేయించుకుంది.

1988లో ఎయిడ్స్ బయటపడింది. దాచుకోలేదు. మరుసటి ఏడాదే పిల్లల సంస్థలకూ ఎయిడ్స్ సంస్థలకూ సాయం చేసే ఫౌండేషన్ పెట్టాడు. ఇటలీలోని పీసాలో చర్చి గోడ మీద 30 ఆకారాలతో 'టుట్టోమోండో' వేశాడు. 1990 ఫిబ్రవరి 16న, 31 ఏళ్లకే కన్నుమూశాడు.

2024 నవంబరులో సోత్‌బీస్ 31 సబ్‌వే బొమ్మలను వేలం వేస్తే దాదాపు 92 లక్షల డాలర్లు వచ్చాయి. దారిన పోయేవాళ్లందరి కోసం గీసినవి అవి. ఊడదీసినవాళ్లను తిట్టాలనే ఉంది. కానీ వాళ్లే లేకపోతే, మిత్రుడు సెంగ్ క్వాంగ్ చీ తీసిన ఫొటోలు తప్ప మనకు మిగిలేది దాదాపు ఏమీ లేదు.