కుక్కపిల్ల తింటుండగా గిన్నె లాగకండి

మా మనుమడు కుక్కపిల్ల తింటుండగా గిన్నె లాగాడు. అది గుర్రుమని చేతిని కొరికింది. నాలుగు దెబ్బలు వేస్తే బుద్ధి వస్తుందన్నారు ఇంట్లోవారు. నేను ఒప్పుకోను. తిండి పోతుందన్న భయంతోనే అది గుర్రుమంటుంది. కొడితే భయం పోదు. గుర్రుమనడం మాని నేరుగా కరవడం నేర్చుకుంటుంది. దూరం నుంచే ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి గిన్నెలో వేస్తూ ఉండండి. మనిషి వస్తే తిండి పెరుగుతుందని దానికి తెలియాలి. కొన్ని వారాలు పట్టవచ్చు. అంతవరకు పిల్లలను ఆ దరికి పోనివ్వకండి.

పాలపళ్ళ గాటే కదా అని పసుపో, సున్నమో పెట్టి ఊరుకున్నవారిని నా సర్వీసులో ఎందరినో చూశాను. కూనకూ రేబిస్ ఉండవచ్చు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటికింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మావాడికీ సూదిమందు వేయించాను. ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు, అది వేరే సంగతి.