నగరానికి తూర్పు వాకిలి

మా పత్రికకు వచ్చే కథల్లో హైదరాబాద్ ఎక్కువగా రెండు చోట్లే కనిపిస్తుంది. ఒకటి చార్మినార్ చుట్టుపక్కల, కూలిపోతున్న దేవిడీల నడుమ. రెండోది గచ్చిబౌలిలో, అద్దాల మేడలో, రాత్రి షిఫ్టులో. మొదటిదానికి నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలతో గట్టి పునాది వేశారు. రెండోదాని మీద ఈ పాతికేళ్లలో విరివిగా రాశారు, కొందరు బాగానే రాశారు. మూసీ దాటి మలక్‌పేట మీదుగా తూర్పుకు సాగితే వచ్చే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ మాత్రం మన వచనంలో ఎవరో బస్సు దిగే చోటుగా ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతాయి. ఈ లోటు నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. తెలుగు జిల్లాలు లోకంలోకి అడుగుపెట్టే వాకిలి ఇదే. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, పాలమూరు పల్లెల పిల్లలు డల్లాస్ విమానం ఎక్కేముందు, సర్కారు కొలువులో చేరేముందు, రెండూ అందక ఊరికి తిరిగి వెళ్లేముందు గడిపే రెండు మూడేళ్లు ఇక్కడే గడుస్తాయి.

చైతన్యపురి సందుల్లోకి వెళ్లి చూడండి. అడుగడుగునా హాస్టల్ బోర్డులు. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫైవ్ షేరింగ్. ఒక కుటుంబం కోసం కట్టుకున్న ఇల్లు ప్లైవుడ్ అడ్డుగోడలతో అరలు అరలుగా మారిపోయింది. ఇనుప మంచం, దాని కింద సూట్‌కేసు, బకెట్, మగ్గు. దుప్పటి ఇంటి నుంచి తెచ్చుకున్నదే. గోడకు భారతదేశ పటం, దాని పక్కన చేత్తో రాసుకున్న టైంటేబుల్. తెల్లవారుజామునే రీడింగ్ రూముల ముందు చెప్పులు వరుస కడతాయి. మెస్‌లో కూర నీళ్లగా ఉందనుకున్న రోజు కర్రీ పాయింట్‌లో పప్పు ప్యాకెట్ కొనుక్కుని నలుగురూ పంచుకుంటారు. నెలనెలా కట్టే డబ్బు పత్తి అమ్మితే వచ్చిందో, అమ్మ పుస్తెలతాడు కుదువపెడితే వచ్చిందో పిల్లలకు తెలుసు. ఫోన్లో నాన్న "పైసలు ముట్టినయా బిడ్డా" అని మాత్రమే అడుగుతాడు. పరీక్ష సంగతి ఎత్తడు. ఆయన ఎందుకు ఎత్తడం లేదో ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

నాకు అన్నిటికన్నా పెద్ద మార్పుగా తోచేది ఆడపిల్లల హాస్టళ్లు. దేవరకొండ తండా నుంచి, మోత్కూరు పక్క ఊరి నుంచి ఇరవై ఏళ్ల పిల్ల ఒంటరిగా పట్నం వచ్చి, తన పేరు మీద బెడ్ తీసుకుని, తన ఫోన్ నుంచే డబ్బు కట్టి చదువుకుంటోంది. ఆమె ఇంట్లో అంతకుముందు ఏ ఆడమనిషీ ఒక్కరాత్రి కూడా బంధువుల ఇల్లు దాటి బయట ఉండి ఎరగదు. మొదట్లో సరూర్‌నగర్‌లో పెద్దమ్మ ఉందన్న ధైర్యంతో పంపిస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి పెద్దమ్మ ఇంటికి వెళ్లడం పండగలకే పరిమితమవుతుంది. రాత్రి గేటు వేసే వేళ, వార్డెన్ లెక్క, ఊళ్లో కుదురుతున్న సంబంధం, వయసు దాటిపోతోందని మేనత్తల సణుగుడు, ఇవన్నీ మోస్తూనే ఆమె మోడల్ పేపర్లు రాస్తుంది. మన స్త్రీవాద సాహిత్యం వంటింటి గురించీ దేహం గురించీ గొప్పగా మాట్లాడింది. ఈ ఇనుప మంచం మీది స్వేచ్ఛ గురించి ఇంకా మాట్లాడవలసి ఉంది.

చదువు ఎంత కష్టమో పరీక్ష కోసం ఎదురుచూడటం అంతకన్నా కష్టం. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో పడింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాలు లీకయ్యాయని తేలి 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు. ఆ పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, జూన్ 9న మరోసారి ప్రిలిమ్స్ పెట్టారు. వార్తగా చదివితే ఇవి తేదీలు. అద్దె గదిలో కూర్చున్నవాడికి ఇది ఇరవై ఆరు నుంచి ఇరవై ఎనిమిదికి చేరిన వయసు. ఈలోగా తమ్ముడికి పెళ్లయింది, చెల్లెలి కాన్పు అయింది, ఊళ్లో రెండెకరాల్లో ఎకరం పోయింది. నవలకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకో మెట్టెక్కితే అదే మేడలో విదేశీ చదువుల కన్సల్టెన్సీ. ఐఈఎల్‌టీఎస్, జీఆర్‌ఈ, ఎడ్యుకేషన్ లోన్, వీసా స్లాట్. 2025 సెప్టెంబర్ 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటిస్తే, ఆ దెబ్బ మిర్యాలగూడ దగ్గర పొలం తాకట్టు పెట్టడానికి సిద్ధమైన ఇంటి దాకా వచ్చింది. ప్రపంచీకరణ అని మనం ముప్పై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్నాం. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి ఇక్కడ ఒక తండ్రి ఎకరం అమ్మాలా వద్దా అని మళ్లీ లెక్క వేసుకుంటాడే, నా దృష్టిలో ప్రపంచీకరణ అదే.

ఈ నేలకు దూరదేశం కొత్తేమీ కాదు. ఫ్రాన్స్‌లోని గాస్కనీ నుంచి వచ్చి, నిజాం కొలువులో చేరి, సైన్యానికి తర్ఫీదు ఇచ్చి, ఫిరంగుల కార్ఖానా పెట్టిన జనరల్ రేమండ్ 1798లో మరణించాడు. ఆస్మాన్‌గఢ్ దగ్గరి గుట్ట మీద ఆయన సమాధి ఉంది. చుట్టుపక్కల జనం ఆ పరాయి మనిషిని తమవాణ్ణి చేసుకున్నారు. హిందువులు మూసారాం అన్నారని, ముస్లింలు మూసారహీం అన్నారని చెబుతారు. మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో రోజూ ఎక్కి దిగే విద్యార్థుల్లో ఎందరికి ఆ గుట్ట తెలుసో. తెలియజెప్పే కథ ఒక్కటి ఉంటే తెలిసేది.

తర్వాతి చరిత్ర ప్లాట్ల చరిత్ర. దిల్‌సుఖ్‌రాం పర్షాద్ అనే భూస్వామి పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి. ఆ తరువాత ఒక్కో ఊరూ కాలనీ అయింది. బడిపంతుళ్లు, ఆర్టీసీ కండక్టర్లు, గుమాస్తాలు వాయిదాల మీద స్థలం కొనుక్కున్నారు. ఎల్బీనగర్ మున్సిపాలిటీ 2007లో మహానగరంలో కలిసింది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట దాకా మెట్రో మొదలై, ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌కు 29 కిలోమీటర్ల దారి ఒకటే అయింది. పెరుగుదల అంతా మేలే చేయలేదు. కుతుబ్‌షాహీల నాటి సరూర్‌నగర్ చెరువు తన దారి మరచిపోలేదు. 2020 అక్టోబర్ వానలకు దాని దిగువ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి రోజుల తరబడి నిలిచాయి. జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇంట్లో బీరువా తడిసి, పట్టాకాగితాలు ఆరబెట్టుకున్న పెద్దవాళ్ల మొహాలు చూసినవారికి నగరాభివృద్ధి అనే మాట మునుపటిలా వినపడదు.

కొత్తపేట పండ్ల మార్కెట్ మాటా చెప్పాలి. 1986 నుంచి 2021 దాకా వేసవి వచ్చిందంటే కొల్లాపూర్ మామిడి వాసన హైవే మీదికే వచ్చేది. ఇప్పుడు మార్కెట్ బాటసింగారం తరలిపోయింది, ఆ స్థలంలో వెయ్యి పడకల ఆసుపత్రి కడుతున్నారు. ఆసుపత్రి కావలసిందే. ముప్పై అయిదేళ్లు అక్కడ బుట్టలెత్తిన హమాలీల బతుకు ఎక్కడా రాసి ఉండకపోవడమే నాకు కష్టంగా ఉంది.

రెండు తేదీల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర వెంటవెంటనే రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు. మిర్చిబజ్జీ తినడానికి ఆగినవాళ్లు, ఇంటికి వెళ్లే బస్సు కోసం నిలబడ్డవాళ్లు, పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవాళ్లు. అంతకుముందు 2002 నవంబర్‌లో సాయిబాబా గుడి దగ్గరా పేలుడు జరిగింది. 2013 పేలుళ్ల కేసు కోర్టుల్లో నడిచింది, అయిదుగురికి 2016లో మరణశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని సమర్థించింది. న్యాయస్థానం తన పని చేసింది. సాహిత్యం పని మిగిలే ఉంది. ఏ పగతోనూ సంబంధం లేని ఒక పిల్లవాడు ఎక్కడో నూరిన కత్తికి ఇక్కడ ఎందుకు బలయ్యాడో, అతని మంచం మీద పుస్తకాలు ఎవరు సర్దారో, ఆ హాస్టల్‌లో మిగిలినవాళ్లు మర్నాడు ఎలా చదివారో చెప్పవలసింది కథకులు.

రెండో తేదీ 2009 నవంబర్ 29. ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబర్ 3న కన్నుమూశాడు. ఆయన విగ్రహం ఇప్పుడు ఆ చౌరస్తాలోనే ఉంది. ఆయన మీద పాటలు పుట్టాయి, ఊరూరా ధూంధాంలలో మోగాయి. పాట వెంటనే పలికింది. కథ మాత్రం అంత తొందరగా పలకలేదు. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన యువకుడిలో ఆ నిప్పు ఎన్నేళ్లుగా రాజుకుందో వెతకడానికి పాటకు వ్యవధి ఉండదు. వచనానికి ఉంటుంది. ఆ వ్యవధిని మనం వాడుకోలేదు.

కారణం ఏమై ఉంటుంది? నాకు తోచింది చెబుతాను. మన కథకుల్లో చాలామంది ఉండేది ఈ కాలనీల్లోనే. వనస్థలిపురంలోనో, కొత్తపేటలోనో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో కూర్చుని నలభై ఏళ్ల కిందట వదిలొచ్చిన ఊరి మీద రాస్తారు. చెరువుగట్టు, చింతచెట్టు, బతుకమ్మ. ఆ బెంగ నిజమైనదే, అందులోంచి మంచి కథలూ వచ్చాయి. అయితే కింద గేటు దగ్గర వాచ్‌మన్ కుటుంబం పాలమూరు నుంచి వచ్చింది. ఎదురు హాస్టల్ వంటవాడు ఒడిశా నుంచి వచ్చాడు. తెల్లారేసరికి చౌరస్తా అడ్డా మీద తాపీ, పార పట్టుకుని కూలి కోసం నిలబడేవాళ్లు సాగర్ రోడ్డు ఊళ్ల నుంచి వచ్చారు. సంక్రాంతి ముందు ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సు కోసం సంచులతో పిల్లలతో నిలబడ్డ జనాన్ని చూడండి. పంతంగి టోల్ దాటేసరికే సగం రాత్రి గడిచిపోతుందని తెలిసీ కదులుతారు. మనం బెంగపడే ఊరు ఎప్పుడో బయలుదేరి మన గుమ్మం ముందుకే వచ్చింది. దాని యాస కూడా వచ్చింది. ఒకే గదిలో శ్రీకాకుళం కుర్రాడు, సూర్యాపేట కుర్రాడు రెండేళ్లు కలిసి ఉంటే వాళ్లిద్దరి నోటా పలికే తెలుగు ఏ నిఘంటువులోనూ లేదు.

అందుకే వచ్చే సంచిక నుంచి ప్రతి నెలా కొన్ని పేజీలు ఈ తూర్పు వైపుకు కేటాయిస్తున్నాం. పేరున్న రచయితలతో పాటు ఇప్పటిదాకా ఏమీ రాయనివాళ్ల రాతలూ కావాలి. హాస్టల్‌లో ఉన్న ఆడపిల్లలు, పరీక్షలు రాసీ రాసీ వయసు మీరినవాళ్లు, మార్కెట్ తరలిపోయాక పని వెతుక్కున్న హమాలీలు, నీళ్లొచ్చిన కాలనీల పెద్దలు, పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ ఇద్దరే మిగిలిన తల్లిదండ్రులు రాయండి. కథే కానక్కరలేదు. ఉత్తరం, డైరీ, నెల ఖర్చుల లెక్క కాగితం అయినా సరే. రాయడం రానివాళ్లు చెబితే పక్కవాళ్లు రాసి పంపండి. మీ మాట మీరు మాట్లాడినట్టే ఉండనివ్వండి, దాన్ని మేం సరిదిద్దం.