హైడ్రోజన్ ముందుగా రామగుండానికి రావాలి

ఫ్రాన్స్‌లో 2019లో పుట్టిన హోపియం అనే స్టార్టప్ హైడ్రోజన్‌తో నడిచే లగ్జరీ కారు తెస్తానంది. 2023 నాటికి అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరాల్సి వచ్చింది. అలాంటి కార్ల కలకంటే హైడ్రోజన్ అవసరం మనకు చాలా దగ్గర్లో ఉంది. రామగుండం ఎరువుల కర్మాగారం సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమోనియా, యూరియా తయారయ్యేది దాంతోనే. అంత అమోనియాకు దాదాపు 390 టన్నుల హైడ్రోజన్ కావాలి. ఇప్పుడు దాన్నంతా పైపులో వచ్చే సహజవాయువు నుంచే తీస్తున్నారు. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకాలు వరుసలో పెట్టి నిలబడ్డ రైతులను చూశాక, మన హైడ్రోజన్ ఎటు పోవాలన్న దానిపై నాకు సందేహమే లేదు.

ఖరీదైన వస్తువును మొదట డబ్బున్నవాళ్లు కొంటేనే తర్వాత అందరికీ చవకవుతుంది, సెల్‌ఫోన్ అలాగే వచ్చింది కదా అంటారు హైడ్రోజన్ కార్లను సమర్థించేవాళ్లు. ఆ కార్లలో హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్ ధర అలా తగ్గొచ్చు, కాదనను. కానీ నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి, దాంతో కారు నడిచేది సుమారు 100 కిలోమీటర్లు. అదే కరెంటును నేరుగా బ్యాటరీ కారులో పెడితే 300 దాకా పోతుంది. ఈ నష్టం గిరాకీ పెరిగినంత మాత్రాన పూడేది కాదు. పైగా శుభ్రమైన కరెంటు మన దగ్గర పొంగిపొర్లడం లేదు. రామగుండం రిజర్వాయర్ మీద ఎన్‌టీపీసీ తేలియాడే సోలార్ పలకలు 100 మెగావాట్లవి. ఏడాదంతా వాటి కరెంటును హైడ్రోజన్‌కే వాడినా, నా లెక్కలో ఎరువుల కర్మాగారానికి పది, పదకొండు రోజులకే సరిపోతుంది.

ఇలా నీటి నుంచి తీసిన గ్రీన్ హైడ్రోజన్ వాడితే యూరియా ధర పెరిగి సబ్సిడీ భారం మోయలేమన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. యూరియాకు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి, అదీ ఇప్పుడు సహజవాయువు నుంచే వస్తోంది కాబట్టి గ్యాస్‌ను ఒక్కసారిగా మానలేం. అందుకే కొద్ది శాతం గ్రీన్ హైడ్రోజన్‌తో మొదలుపెట్టాలి. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన 19,744 కోట్ల రూపాయల గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌లో రామగుండానికి వాటా అడగాలి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు తవ్వేసి వదిలిన భూముల్లో సోలార్ పలకలు వేసుకోవచ్చు, నీటికి గోదావరి ఉంది. ఎలక్ట్రోలైజర్లు, కంప్రెసర్లు, లీకు పసిగట్టే పరికరాల పనిలో మన ఇంజినీరింగ్ కుర్రాళ్ల స్టార్టప్‌లకూ చోటుంటుంది.