సూత్రభారము

మొన్న పదవ తరగతి విద్యార్థుల నొక ప్రశ్న యడిగితిని. 20 కిలోల బియ్యపు మూటను తలపై నెత్తుకొని యొకడు 60 నిమిషములు కదలక నిలుచుండెను. ఆ కాలమున నతడు మూటపై చేసిన పని యెంత? "ఏ సూత్రము వేయవలెనండీ?" యని పలువురు కేకవేసిరి. ఒక బాలుడు రెండంకెలను హెచ్చించి, 1200 అని వ్రాసి, ప్రక్కన 'జౌళ్లు' అని చేర్చెను. మూట కదలినదా యని యొక్కరును విచారింపలేదు. కదలనిచో పని సున్న. మోసినవాడు అలసెను, నిజమే. కాని యా శక్తి యతని దేహములో వేడిగా మారినదే గాని మూటకు చేరలేదు.

తప్పు బాలురది కాదు. అక్షరముల స్థానమున అంకెల నుంచుటయే లెక్క యని మేమే నేర్పితిమి. తల్లిదండ్రులు "మార్కులెన్ని?" యని యడుగుదురే గాని "ఏమి తెలిసినది?" అని యడుగరు.

లెక్క పుస్తకములో లేదు, ఇంటిలో నున్నది. 10 మీటర్ల లోతునుండి 10 కిలోల నీటిని తోడుటకు వలయు పని 980 జౌళ్లు. ఆ నీటినే యొక్క డిగ్రీ వేడిచేయుటకు 41,800 జౌళ్లు కావలెను. అనగా 42 మారులు తోడిన శ్రమకు మించినది యొక్క డిగ్రీలో నణగియున్నది! నీరు తెర్లిన పిదప మంట నెంత యెగదోసినను గిన్నెలోని నీటి వేడిమి హెచ్చదు. కిలో నీటికి సుమారు 22,60,000 జౌళ్లు మ్రింగి యావిరి యెగిరిపోవును. ఎసరు తెర్లగానే మంట తగ్గించు గృహిణి యీ లెక్కను చేతితో చేయుచున్నది. ఆడపిల్లకు భౌతికశాస్త్రమేల యనువారు ఆమె వండిన యన్నము తినియే యా మాట యనుచున్నారు.

"పరీక్షకు సూత్రము చాలును, ఆలోచనకు వ్యవధి లేదు" అందురు. వేడి యొక ద్రవ్యమని పండితులు నమ్మిన కాలమున, మ్యూనిక్ నగరమున ఫిరంగిని తొలుచుచుండగా నిప్పు లేకయే నీరు మరుగుట రంఫర్డు చూచెను. ద్రవ్యమైనచో తరుగవలదా, తొలిచినంతసేపు తరుగక వచ్చుచున్నదేమి యని 1798లో ప్రకటించిన వ్యాసమున ప్రశ్నించెను. పనికిని వేడికిని గల నిష్పత్తిని జౌల్ కొలిచినది 1840 తరువాతనే. ప్రశ్న ముందు, సూత్రము వెనుక.

కావున కలము పట్టుటకు ముందు పిల్లవాడు మూడు సంగతులు చెప్పవలెను: ఏ వస్తువును గూర్చి యడిగిరి? దానిపై నేయే బలములు పనిచేయుచున్నవి? మారినది స్థానమా, వేగమా, ఉష్ణోగ్రతయా? ఇవి చెప్పగలిగిన, సూత్రము మఱచినను సగము మార్కు లిత్తము. చెప్పలేనిచో, సరియైన యంకె వచ్చినను సంతసింపకుందము.

అర్థమెఱుగక వేదము చదివినవానిని యాస్కుడు తన నిరుక్తమున బరువు మోయు మ్రోడుతో పోల్చెను. మ్రోడు కదలదు, మోసిన బరువును కదలింపదు. భౌతికశాస్త్రము ప్రకారమును అది చేసిన పని సున్న. మన పిల్లలను మ్రోడులను చేయుట యింకెన్నాళ్లు?