గంట కొట్టేవాడెవడు?

భిలాయ్ సెక్టార్లలో సాయంత్రం పూట వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలవి. కంట్రోల్ రూమ్‌లో పనిచేసి రిటైరైన ఓ పెద్దాయన ఈ మధ్య తన మనవడిని చూపించి, ‘‘అలారం మోగితే చూసేవాళ్లం బాబూ. ఈడు మోగకపోయినా చూస్తన్నాడు, ఏటి సెయ్యాల?’’ అన్నారు. కుర్రాడు ఫోన్ మీంచి తలెత్తలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట వింటున్నప్పుడు నా చెయ్యి కూడా జేబులోనే ఉంది.

ఈ రోగానికి మందు కనిపెట్టలేకపోయినా, కనీసం ఎక్స్‌రే తీసే ప్రయత్నం డిజిటల్ కళాకారులు ఇరవయ్యేళ్లకు పైగా చేస్తున్నారు. మార్క్ హాన్సెన్, బెన్ రూబిన్ రూపొందించిన ‘లిజనింగ్ పోస్ట్’ 2002 డిసెంబరులో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చింది. 231 చిన్న తెరలు వంపు గోడలా వేలాడుతుంటాయి. ఇంటర్నెట్ చాట్ రూముల్లో జనం రాసుకుంటున్న మాటల తునకలు వాటి మీద పారుతుంటే, యంత్రస్వరం కొన్నిటిని చదివి వినిపిస్తుంది. ఒక ఘట్టంలో ‘నేను ఫలానా’ అని మొదలయ్యే వాక్యాలే వస్తాయి. ఎవరికి వారు తమ మాట వినమంటారు. వినేవాడి చెవిన పడేది మాత్రం హోరు.

బెల్జియం కళాకారుడు డ్రీస్ డెపూర్టర్ 2021లో ఇంకాస్త ముందుకెళ్లాడు. ఫ్లాండర్స్ ప్రాంత పార్లమెంటు ప్రత్యక్ష ప్రసారాన్ని కంప్యూటర్‌కు అప్పగించాడు. సభ జరుగుతుండగా ఎవరైనా ఫోన్‌లో మునిగిపోతే అది పసిగట్టి, ముఖం గుర్తుపట్టి, ఆ వీడియోను ట్విట్టర్‌లో పెట్టి దృష్టి సభ మీద పెట్టమని సదరు సభ్యుడికి చెప్పేది. అంతకు రెండేళ్ల ముందు అక్కడి ప్రభుత్వాధినేతే సభలో ఫోన్‌లో ఆట ఆడుతూ దొరికిపోయాడు. మన కర్ణాటకలో 2012లో ముగ్గురు మంత్రుల పదవులు ఊడింది కూడా అసెంబ్లీలో ఫోన్ చూసిన వ్యవహారంలోనే. అయితే డెపూర్టర్ యంత్రానికి ఓ చిక్కుంది. సభ్యుడు చూస్తున్నది ఆటో, బిల్లు ప్రతో దానికి తెలియదు. పైగా పరధ్యానాన్ని పట్టించేందుకు అది చేసిన పని ఇంకో నోటిఫికేషన్ పంపడం!

తెలుగువాళ్లకు ఇదంతా మరీ కొత్తగా అనిపించనక్కర్లేదు. అవధానమంటేనే ఏకాగ్రత. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో దారి మళ్లిస్తారు. గంటలు కొడుతుంటే అవధాని లెక్కపెట్టుకుంటూ ఉండాలి. ఎదుటివాడి ప్రశ్న లేనిదే నడవని కళ ఇది. తిరుపతి వేంకట కవులు దీన్ని ఊరూరా తిప్పి జనం కళ చేశారు. కానీ అవధానికి కొన్ని రక్షణలున్నాయి. పృచ్ఛకుల సంఖ్యకు హద్దుంది. అడగడానికి వరసుంది. సభకు అధ్యక్షుడున్నాడు. చివర్లో ధారణ ఉంది, అంటే విన్నదీ చెప్పినదీ కూడదీసుకునే వ్యవధి. ఫోన్‌లో అప్రస్తుత ప్రసంగం, గంటలు ఉన్నాయి. మిగతా ఏర్పాట్లేవీ లేవు.

సమాచారం పెరిగేకొద్దీ కరువయ్యేది దృష్టేనని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. ఆయన్ను పట్టించుకున్న చోటు ఏదైనా ఉందంటే అది కర్మాగారమే. 1994లో బ్రిటన్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు విరుచుకుపడ్డాయి. అన్ని గంటల మధ్య అసలు గంట ఏదో తెలుసుకోవడం మానవమాత్రుడి తరం కాదు. ఆ తర్వాత ఇంజనీర్లు ఆపరేటర్‌కు ధ్యానం నేర్పి చేతులు దులుపుకోలేదు. గంటలనే తగ్గించమన్నారు. 1999లో బ్రిటన్‌లో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం మామూలు రోజుల్లో సగటున పది నిమిషాలకు ఒక అలారమైతే ఫరవాలేదు.

రాజకీయంగా చూస్తే అసలు తేడా ఇక్కడే ఉంది. కర్మాగారంలో మితిమీరిన గంటలు డిజైన్ లోపం. ఇంట్లో అవే గంటలు మోగితే పిల్లాడి క్రమశిక్షణ లోపం! పౌరుడికి ఏకాగ్రత పాఠాలు చెప్పడం తేలిక. అతని దృష్టిని ప్రకటనదారులకు అమ్ముకునే కంపెనీలను లెక్క అడగడమే కష్టం. ఓటరు దేన్ని పట్టించుకుంటాడన్నది ఆ గంటలే నిర్ణయిస్తున్నప్పుడు ఇది ఒక్క ఇంటి గొడవ ఎలా అవుతుంది?

భిలాయ్‌లో నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ ఉంది. గంటలు మోగుతూనే ఉండే అలారం బోర్డు ఒకటి అక్కడ పెట్టి, ఏది అసలుదో కనిపెట్టమని సందర్శకులను అడిగితే బాగుంటుంది. దాన్ని అర్థం చేసుకునే ప్రేక్షకులు ఈ ఊళ్లో ఉన్నంతమంది వేరెక్కడా ఉండరేమో.

నేను లేచి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. ‘‘డ్యూటీ పిలుపా బాబూ?’’ అన్నారు పెద్దాయన. కాదు, ఏదో దుకాణం వాళ్ల డిస్కౌంట్ కబురన్నాను.

‘‘మరెందుకు మోగిందది?’’