"మట్టిలో కరిగిపోయే" మల్చింగ్ షీటు కొనేముందు అందులో ఏం కలిపారో అడగండి

పై వీడియోలో టమాటా మడి దున్నుతుంటే పైకొచ్చిన నల్ల పీలికలు చూశారు కదా, అవి "మట్టిలో కరిగిపోద్ది, తియ్యక్కర్లేదు" అని అమ్మిన షీటువే. ఈ మాట ఇప్పుడు చాలా చోట్ల వినిపిస్తోంది, అందుకే నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెప్తున్నా.

షీటు తయారుచేసేటప్పుడు పాలిథిన్ గుళికలతో పాటు మాస్టర్‌బ్యాచ్ అని వేరే గుళికలు కూడా కొన్ని కలిపి కరిగిస్తారు. నలుపు రంగు కార్బన్ బ్లాక్‌ది. అది వెలుతురు ఆపి కలుపు మొక్కల్ని అణుస్తుంది, షీటును ఎండ నుంచి కాపాడుతుంది. యూవీ స్టెబిలైజర్ కూడా వేస్తే ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. (పాలీహౌస్ వాళ్లకో మాట: గంధకం ఎక్కువగా వాడితే ఈ స్టెబిలైజర్ పని తగ్గి షీటు తొందరగా పెళుసెక్కుద్ది.) ఇంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ అంతా ఆక్సో-డిగ్రేడబుల్ అనే రకంతోనే. అదీ మామూలు పాలిథినే. ఇనుము, మాంగనీస్, కోబాల్ట్ లాంటి లోహాల లవణాలు కొద్దిగా కలుపుతారు, దాంతో ఎండకీ వేడికీ త్వరగా పొడిపొడిగా రాలిపోతుంది. కంటికి కనపడదు కాబట్టి కరిగిందనుకుంటాం. ఆ పొడి మైక్రోప్లాస్టిక్‌గా మన మట్టిలోనే ఉంటుంది! మట్టి కప్పిన అంచులకైతే ఎండే తగలదు, అవి పీలికలుగా అలాగే మిగులుతాయి. యూరోపియన్ యూనియన్ 2019లో చట్టం చేసి, 2021 జూలై నుంచి ఈ రకాన్ని మార్కెట్లోకి రానివ్వడం లేదు.

నిజంగా సూక్ష్మజీవులు తినే షీట్లు వేరే ఉన్నాయి. వాటి ముడిసరుకే వేరు: పీబీఏటీ, పిండిపదార్థం లాంటివి. యూరప్‌లో వాటికి ఈఎన్ 17033 అనే ప్రమాణం ఉంది, మట్టిలో రెండేళ్లలోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ధర మాత్రం బాగా ఎక్కువ. ఒట్టి "కంపోస్టబుల్" అని రాసుంటే నమ్మొద్దు, ఆ పరీక్ష దాదాపు 58 డిగ్రీల వేడిలో చేస్తారు. మన మడి అంత వేడిగా ఎక్కడుంటుంది?

ఇంకోటి, సర్టిఫికేషన్ ఉన్నవాళ్లు వినండి. మన ఎన్‌పీవోపీ ప్రమాణాల ప్రకారం పాలిథిన్ వాడితే తర్వాత మట్టిలోంచి తీసెయ్యాలి, పొలంలో కాల్చకూడదు. పొడైపోయిన షీటును ఎలా ఏరుతారు అన్నా?

నన్నడిగితే ముందు వరిగడ్డి, చెరకు ఆకు, వేరుశనగ పొట్టు. తప్పనిసరిగా షీటే కావాలంటే 25–30 మైక్రాన్లది, స్టెబిలైజర్ ఉన్నది తీసుకోండి. పంట అయ్యాక చిరగకుండా చుట్ట చుట్టి తీయొచ్చు. పలచది చవకే గానీ తీసేటప్పుడు చేతిలోనే చిరుగుద్ది. "కరుగుద్ది" అన్న డీలర్ని ఏ ప్రమాణం ప్రకారమో కాగితం చూపించమనండి.

మిరపలో వరిగడ్డి ఎంత మందం పరచాలో వచ్చే వీడియోలో చూపిస్తాను.