వెతికితే దొరకలేదు, ఎవరో చెబితే దొరికింది

మాది భిలాయిలోని ఖుర్సీపార్. ఉక్కు ఫ్యాక్టరీ పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో మాదొకటి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. ఏటా ఏప్రిల్ 14న అంబేడ్కర్ పటానికి దండ వేసేవాళ్లం. ఆయన రాసిందేమిటో మాత్రం డిగ్రీలో ఒక సీనియర్ లింకుల జాబితా పంపేదాకా నాకు తెలియదు.

అప్పటికి చేతిలో ఇంటర్నెట్ లేక కాదు, ఏ మాట కొట్టి వెతకాలో తెలియక. సెర్చ్ ఇంజన్ తెలిసినవాడికే దారి చూపిస్తుంది. తెలియనిదాన్ని ఎవరో ఒకరు మన ముందు పెట్టాలి.

సోషల్ బుక్‌మార్కింగ్ సైట్లు చేసింది ఆ పనే. 2003లో వచ్చిన డెలిషస్‌లో పాఠకులు తమకు నచ్చిన పేజీలను ట్యాగులు పెట్టి అందరికీ కనిపించేలా దాచుకునేవారు. 2004లో డిగ్, 2005లో రెడిట్ వచ్చి పాఠకుల ఓట్లతో వార్తలను పైకి తెచ్చాయి. తెలుగు బ్లాగుల టపాలను కూడలి ఒకచోట చేర్చింది. సంపాదకుడి గుమ్మం దాటలేని రాతలకు ఒక పక్కదారి దొరికింది.

ఆ గుమ్మం సంగతి మనకు కొత్త కాదు. 1920లో డబ్బిస్తామన్నా 'మూక్‌నాయక్' ప్రకటనను 'కేసరి' వేయలేదు. 2006 సెప్టెంబర్ 29న, మా ఊరి నుంచి నాగపూర్ వెళ్లే దారిలోని భండారా జిల్లాలో, ఖైర్లాంజీ హత్యలు జరిగాయి. పెద్ద మీడియా వారాల తరబడి పట్టించుకోలేదు. నిజనిర్ధారణ నివేదికలను ఈమెయిళ్లలో, బ్లాగుల్లో మనవాళ్లే చేతులు మార్చుకున్నారు.

అయితే ఓటు పెట్టగానే ప్రజాస్వామ్యం వచ్చేయదు. మన దేశంలో మెజారిటీ రాజకీయంగా ఏర్పడేది కాదు, పుట్టుకతో వచ్చేదని అంబేడ్కర్ 1945లో హెచ్చరించారు. లింకు మీద పడే ఓటుకూ అది వర్తిస్తుంది. స్మార్ట్‌ఫోన్, ఇంగ్లిష్, తీరిక ముందుగా ఎవరికి అందాయో వాళ్ల అభిరుచే 'పాపులర్' అవుతుంది. రిజర్వేషన్ల మీద వెటకారం పైకి లేస్తుంది, పారిశుధ్య కార్మికుడి మరణవార్త అడుగున ఉండిపోతుంది. ఇప్పుడు ఆ ఎంపిక కూడా అల్గారిదం చేతికి పోయింది. ఎందుకు చూపిస్తోందో, ఎందుకు దాస్తోందో అది చెప్పదు.

కాబట్టి పరిశోధకులుగా మనకో బాధ్యత ఉంది. మన థీసిస్ చివర గ్రంథసూచి పెడతాం, దాన్ని పట్టుమని పదిమంది చూడరు. అదే జాబితాను తెలుగులో, హిందీలో ట్యాగులు పెట్టి, ఒక్కోదానికి రెండు వాక్యాల పరిచయం రాసి బహిరంగంగా ఉంచుదాం. ఖుర్సీపార్‌లో తెలుగు మాట్లాడుతూ హిందీ మాత్రమే చదవగల పిల్లలున్నారు. వాళ్లకు వినే లింకులూ కావాలి.

నాకు ఆ జాబితా పంపిన సీనియర్‌కు దాన్ని తయారు చేయడానికి బహుశా ఒక సాయంత్రం పట్టి ఉంటుంది. నేను పీహెచ్‌డీ దాకా వచ్చింది అక్కడి నుంచే.